పట్టూ విడుపూ

సంక్రాంతి సెలవులకి మా మరిది కూతురు గుడివాడ నుంచి ఉయ్యూరు వచ్చి వారం రోజులుంది. ఎనిమిదేళ్ల పిల్ల. వచ్చిన రెండో రోజే మా అమ్మాయి వెంటపడింది, "అక్కా, నువ్వు మనుషుల్ని కింద పడేస్తావంట కదా, నాకూ నేర్పవా" అని.

మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. మూడేళ్లు జూడో నేర్చుకుంది. దసరా తర్వాత మాన్పించేశాం. అడిగినవాళ్లందరికీ "మా అత్తయ్యగారు మాన్పించారు" అని చెబుతూ వచ్చాను గానీ, ఆవిడ అన్నది ఒక్క మాట. సరేనని తలూపింది నేను.

ఆవిడ మాటలో కొత్తేమీ లేదు. "పెద్దదయింది. ఇంకా మగపిల్లల మధ్య నేల మీద దొర్లడమేంటమ్మాయ్? రేపు చెయ్యో కాలో విరిగితే ఎవరు చేసుకుంటారు?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. నిజం చెప్పాలంటే లోపలెక్కడో నాకూ అలాగే అనిపించింది. పిల్ల ఒక రోజు ఏడ్చింది, రెండు రోజులు మాట్లాడలేదు, ఆ తర్వాత ఆ తెల్ల బట్టలు మడతపెట్టి బీరువా అడుగున పెట్టేసుకుంది.

సరే, ఇప్పుడు చెల్లెలు అడిగింది. ఇద్దరూ కలిసి హాల్లో టీపాయ్ పక్కకి జరిపి, రెండు పరుపులు తెచ్చి నేల మీద పరిచారు. అత్తయ్య తన పడకకుర్చీలో ఉన్నారు. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను.

నేనేమనుకున్నానంటే, ముందు ఎలా పడెయ్యాలో చూపిస్తుంది అని. అది కాదు. చెల్లెల్ని ఎదురుగా కూర్చోబెట్టి, "ముందు ఇది నేర్చుకో. నొప్పెట్టినా, ఊపిరాడకపోయినా, ఊరికే భయమేసినా సరే, ఇట్టా రెండుసార్లు తట్టు. నా మీద తట్టు, లేకపోతే పరుపు మీద తట్టు. తట్టావంటే నేను వదిలేస్తా. ఎందుకు తట్టావని కూడా అడగను" అంది. అని పదిసార్లు తట్టించింది. చిన్నది నవ్వుతూ తట్టింది. ఇది పట్టుకోవడం, అది తట్టడం, ఇది వదలడం. మొదటి పావుగంట పాఠమంతా అదే.

చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది నాకు. మూడేళ్లు ఫీజు కట్టాను, క్లాసు దగ్గర దింపాను, తీసుకొచ్చాను. లోపల మొదట ఏం నేర్పుతారో ఒక్కరోజూ కూర్చుని చూడలేదు.

"పట్టూ విడుపూ ఉండాలి" అని మనం సంసారాల గురించి, బేరాల గురించి అంటూ ఉంటాం. ఆ మాటలో రెండో సగాన్ని నేలమీద ఆడే ఆటలో మొదటి పాఠంగా పెట్టారంటే, ఇది ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతకాలనిపించింది. డిగ్రీలో తెలుగు చదివిన అలవాటు, ముందు మన పుస్తకాల దగ్గరికే వెళ్లాను.

కుస్తీ మన భాషలో బాగానే పాతుకుపోయింది. గోదా అంటే మల్లులు తలపడే మట్టి బరి. ఇప్పుడు ఎన్నికలప్పుడు పేపర్లవాళ్లకి తప్ప ఆ మాట అక్కర్లేదు. వస్తాదు అనేది పారశీకం నుంచి వచ్చిన ఉస్తాద్, అంటే గురువు. తాలింఖానా, సాము, గరిడీ, దండీలు, బస్కీలు... ఇవన్నీ మా తాతల కాలంలో రోజూ వినబడిన మాటలు. అన్నీ మగవాళ్ల మాటలే.

మన పురాణాల్లో మల్లయుద్ధాలకి కొదవ లేదు. వాటిలో విడుపు మాత్రం కనబడదు. భీముడు జరాసంధుడితో పడితే చంపేదాకా పట్టాడు. విరాటపర్వంలో వలలుడనే పేరుతో వంటవాడిగా ఉన్నప్పుడు జీమూతుడనే మల్లుడితో పోరాడాడు, అదీ చావుతోనే ముగిసింది. (వంటింట్లో గరిటె తిప్పేవాళ్లని తక్కువ అంచనా వెయ్యకూడదని నేను ఆ కథలోంచి తీసుకున్న నీతి. అది వేరే సంగతి.)

భాగవతంలో కృష్ణుడు, బలరాముడు కంసుడి కొలువులో చాణూర ముష్టికులతో తలపడే ఘట్టం మీ అందరికీ తెలిసిందే. అందులో ఒక సంగతి చదువుకునే రోజుల్లో నాకు పట్టలేదు. కొండల్లాంటి మల్లుల ముందు పసిపిల్లల్ని నిలబెట్టడం అన్యాయం, ఇలాంటి సభలో కూర్చోవడమే తప్పు అన్నది ఎవరో తెలుసా? చూడ్డానికొచ్చిన మధురానగరం ఆడవాళ్లు. రాజు ఆపలేదు, పెద్దలు ఆపలేదు. బరువులో, వయసులో పొంతన లేని పోటీ పోటీ కాదని ఆడవాళ్లకే తోచింది. ఇవాళ ప్రపంచమంతా కుస్తీలోనూ జూడోలోనూ బరువుల వారీగా పోటీలు పెడుతోంది.

పురాణాల తర్వాత చరిత్ర. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథం రాశాడు. రాజుల వినోదాల్లో మల్లవినోదం అని ఒక అధ్యాయమే ఉంది. మల్లుల్ని వయసుని బట్టి, ఒంటిని బట్టి, బలాన్ని బట్టి ఎలా విడదీయాలి, వాళ్లచేత ఏం సాధన చేయించాలి, ఏం పెట్టాలి... పప్పులు, మాంసం, పాలు, చక్కెర, మంచి మిఠాయిలు రాజే ఇప్పించాలట. వాళ్లని అంతఃపుర స్త్రీలకి దూరంగా ఉంచాలని కూడా ఉంది. అదీ లెక్క. విద్య ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, మధ్యలో గోడ.

కానీ ఆ గోడకి అవతల ఏం జరిగిందో నాలుగు వందల ఏళ్ల తర్వాత ఒక విదేశీయుడు రాసిపెట్టాడు.

మన ఘంటసాల దగ్గరి శ్రీకాకుళం ఆంధ్రమహావిష్ణువు గుడికి వెళ్లినవాళ్లకి కృష్ణదేవరాయలు కొత్త కాదు. ఆముక్తమాల్యద రాయమని స్వామి కలలో చెప్పింది అక్కడే. ఆ రాయలవారి దినచర్యని 1520 ప్రాంతంలో వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు ఆయన రాశాడు. తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా నూనె పట్టించుకుని, గోచీ పెట్టి, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తి, చెమటతో నూనె కారిపోయేదాకా కత్తి తిప్పి, ఆ తర్వాత తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టేవాడట. మహానవమి ఉత్సవాల్లో మల్లుల పోటీలు చూసి, పళ్లు రాలేలా, కళ్లు పోయేలా, ముఖాలు చెక్కుకుపోయేలా దెబ్బలుండేవని కూడా పేస్ రాశాడు.

పేస్ తర్వాత పదిహేనేళ్లకి, అచ్యుతదేవరాయల కాలంలో, నూనిజ్ అనే ఇంకో పోర్చుగీసు వ్యాపారి విజయనగరంలో ఉన్నాడు. రాజుగారి కోటలోపల పనిచేసే ఆడవాళ్ల గురించి చెబుతూ, లోపలి ఖర్చుల లెక్కలు రాసే ఆడవాళ్లున్నారు, జోస్యం చెప్పేవాళ్లున్నారు, పాడేవాళ్లున్నారు, కుస్తీ పట్టే ఆడవాళ్లూ ఉన్నారు అన్నాడు. ఇద్దరి రాతలూ రాబర్ట్ సూయెల్ 1900లో ఇంగ్లీషులో అచ్చు వేసిన పుస్తకంలో ఉన్నాయి. కుస్తీ పట్టే ఆడవాళ్లకి దక్కింది అందులో అర వాక్యం. వాళ్ల పేర్లు లేవు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో లేదు, వాళ్లకి పిల్లలుంటే వాళ్లకి నేర్పారో లేదో లేదు. ఆ అర వాక్యాన్ని మా అత్తయ్యకి చదివి వినిపించాను. "రాణివాసంలో ఏం చేసినా చెల్లుద్ది" అన్నారు.

ఇక మన దగ్గరి కాలానికి వస్తే, కుస్తీ అనగానే తెలుగువాళ్లకి గుర్తొచ్చే పేరు కోడి రామ్మూర్తి నాయుడుగారు. 1882లో ఉత్తరాంధ్రలో వీరఘట్టంలో పుట్టారు. చిన్నప్పుడే తల్లి పోతే విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగి, అక్కడే సాము, కుస్తీ నేర్చుకున్నారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో బళ్లో వ్యాయామం మాస్టారుగా పనిచేశారు. ఆ తర్వాతే సర్కస్ కంపెనీ. గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకోవడం, కదలబోయే కార్లని ఆపడం, ఉక్కు గొలుసులు తెంచడం. కలియుగ భీముడన్నారు జనం. 1942లో పోయారు. శ్రీకాకుళం పట్టణంలో స్టేడియానికి ఆయన పేరే ఉంది. ఆ జిల్లా నుంచే వచ్చిన కరణం మల్లీశ్వరిగారు 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి పతకం తెచ్చారు.

రామ్మూర్తిగారు పుట్టిన ఆ 1882లోనే జపాన్‌లో టోక్యోలో ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరిచి ఒక చిన్న బడి మొదలైంది. పెట్టినాయన జిగొరో కానో, అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లవాడు. చిన్నప్పుడు సన్నగా, పొట్టిగా ఉండేవాడు. తోటి పిల్లలు కొడుతుంటే తట్టుకోలేక జుజుట్సు అనే పాత యుద్ధవిద్య నేర్చుకున్నాడు. అది యుద్ధం కోసం పుట్టిన విద్య, చెయ్యి విరిచేదీ మెడ విరిచేదీ అందులోవే. కానో చేసిన పని ఏమిటంటే, ప్రమాదమైన పట్లని స్నేహంగా సాధన చేసే ఆటలోంచి తీసి పక్కన పెట్టాడు. పడేముందు గడ్డం గుండెకి ఆనించి, చేత్తో చాప మీద చరిచి, దెబ్బ తగలకుండా పడటం మొదట నేర్పించాడు. చాలు అనిపిస్తే రెండుసార్లు తట్టడం, తట్టగానే వదలడం జూడోలో తప్పనిసరి మర్యాద. నోటితో చెప్పాలంటే "మైత్తా" అంటారు, ఓడిపోయాను అని. అంటే చాలు, పట్టు అక్కడితో ఆగిపోవాల్సిందే. ఇవాళ ఓడినవాడు రేపు మళ్లీ రావాలి కదా, వాడు విరిగిపోతే ఎవరితో ఆడతావు? నాకు అర్థమైనంతలో జూడో మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడింది.

కానో బళ్లో 1926లో ఆడవాళ్లకి విడిగా ఒక విభాగం పెట్టారు. కానోకి మొదట విద్య నేర్పిన గురువుగారి మనవరాలు కెయికో ఫుకుదా 1935లో అందులో చేరింది. ఐదడుగులు కూడా లేని మనిషి. పెళ్లి సంబంధం వస్తే, చేసుకుంటే జూడో మానాలని తెలిసి, వద్దనుకుంది. 1953లో ఐదో డాన్ అనే స్థాయికి వచ్చింది. ఆడవాళ్లకి అంతకంటే పైస్థాయి ఇవ్వరన్నారు. ఆరోది రావడానికి 1972 దాకా, అంటే పంతొమ్మిదేళ్లు పట్టింది. పదో డాన్, అన్నిటికన్నా పైది, అమెరికాలో 2011లో ఇచ్చారు. అప్పటికి ఆవిడకి 98 ఏళ్లు. ఒలింపిక్స్‌లో మగవాళ్ల జూడో 1964లో వస్తే ఆడవాళ్లకి పతకాల పోటీలు 1992లో వచ్చాయి. ఆడవాళ్ల కుస్తీ 2004 దాకా రానేలేదు.

ఇదంతా జపాన్, అమెరికా గొడవ, మనకెందుకు అనకండి. రవీంద్రనాథ్ టాగూర్ 1905లోనే ఒక జపాన్ ఆయన్ని శాంతినికేతన్‌కి పిలిపించి పిల్లలకి జూడో నేర్పించారు. మళ్లీ 1929లో షింజో తకాగాకి అనే పెద్ద గురువుని రప్పించారు. అప్పుడు ఆడపిల్లలు కూడా చాప మీదికి దిగారు. అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చిన అమర్త్య సేన్‌గారి తల్లి అమితా సేన్ అక్కడ జూడో నేర్చుకున్నవారే. ఆ సంగతి కొడుకే రాసుకున్నారు. మా అత్తయ్య పుట్టకముందు మాట ఇది. అంటే "మన కాలంలో ఇవన్నీ ఎక్కడివి" అనే మాట పూర్తిగా నిజం కాదు. ఉన్నాయి, మన గుమ్మం దాకా రాలేదు.

మళ్లీ మా హాల్లోకి వద్దాం.

రెండో రోజు పిల్లలు పట్టు మొదలుపెట్టారు. పేరు కెసా గతామె. కెసా అంటే బౌద్ధ సన్యాసులు భుజం మీదుగా ఏటవాలుగా వేసుకునే ఉత్తరీయం. మా అమ్మాయి చెల్లెల్ని వెల్లకిలా పడుకోబెట్టి, పక్కటెముకల పక్కన కూర్చుని, ఒక చెయ్యి మెడ కిందుగా పోనిచ్చి, ఆ పిల్ల చేతిని తన చంకలో బిగించి, కాళ్లు రెండూ దూరంగా చాపి, తల దించుకుంది. చూస్తే నిజంగానే పైట వేసినట్టుంది. బలమంతా ఎక్కడా పెట్టలేదు, ఒంటి బరువు సరైన చోట ఆనించింది, అంతే. పోటీలో ఇలా 20 సెకన్లు పట్టి ఉంచితే గెలిచినట్టు. చిన్నపిల్లలకి గొంతు నొక్కే పట్లు, మోచెయ్యి మెలిపెట్టే పట్లు నేర్పరని కూడా చెప్పింది.

చిన్నది కాసేపు నవ్వింది. కాసేపు గింజుకుంది. తర్వాత ఉన్నట్టుండి మొహం మారిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, టపటపా తట్టింది. మా అమ్మాయి చేతులు ఠక్కున తెరుచుకున్నాయి. లేచి దూరంగా కూర్చుంది, "నీకు కావాలంటే మళ్లీ, వద్దంటే లేదు" అంది.

అత్తయ్య పడకకుర్చీలోంచి, "అదేంటే, ఇంకాసేపు పడితే నువ్వే గెలిచేదానివిగా?" అన్నారు.

"తట్టింది కదా నాయనమ్మా."

"ఆటలో ఏడుపు కాస్త ఉంటుందిలే."

"ఏడ్చినా నవ్వినా, తడితే వదిలెయ్యాల్సిందే."

అత్తయ్య ఇంకేం మాట్లాడలేదు. రాత్రి నేను పాలు తోడుపెడుతుంటే వంటింట్లోకి వచ్చి మంచినీళ్లు తాగి, గ్లాసు బోర్లిస్తూ, "మా రోజుల్లో ఎన్నిసార్లు తట్టినా వదిలినవాళ్లెవరమ్మాయ్" అన్నారు. దేని గురించి అన్నారో నేను అడగలేదు. పదిహేనో ఏట కాపురానికి వచ్చిన మనిషి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బెజవాడ కాలేజీకి బస్సులో తిరిగిన మూడేళ్లు గుర్తొచ్చాయి. ఒకరోజు రద్దీలో ఎవడో కావాలని మీదకి ఒరిగి నిలబడితే, దిగేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను తప్ప, జరగమని నోరు పెగల్లేదు. ఇంట్లో చెప్పలేదు కూడా, చెబితే చదువు మాన్పిస్తారని. నాకు ఒళ్లంతా బిగుసుకుపోవడం ఒక్కటే తెలుసు. పడకుండా నడవడం నేర్పారు, పడితే ఎలా లేవాలో ఎవరూ నేర్పలేదు. జూడో వస్తే వాణ్ని ఎత్తి కుదేసేదాన్నని చెప్పడం లేదు. క్లాసులో నేర్చిన పట్టు బజార్లో పనిచేస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి. కానీ "చాలు" అనడానికి ఒంటికి ఒక అలవాటు ఉంటే, ఆ అలవాటుని ఎదుటివాళ్లు మన్నించిన అనుభవం ఉంటే, మన్నించనివాణ్ని చూసినప్పుడు వీడిది తప్పు అని వెంటనే తెలుస్తుంది. నాది తప్పేమో అనుకుంటూ నేను ఆ మూడేళ్లు గడిపాను.

మూడో రోజు పట్టులోంచి బయటపడటం. మా అమ్మాయి పరుపు మీద పక్కకి ఒత్తిగిలి, మోకాళ్లు మడిచి, పాదం నేలకి తన్నిపెట్టి, నడుముని ఒక్కసారిగా వెనక్కి నెట్టింది. ఒళ్లు రెండుగా ముడుచుకుని వెనక్కి జరిగింది. "దీన్ని ఎబి అంటారు. జపాన్ భాషలో రొయ్య" అంది. చిన్నది ఎగిరి గంతేసింది. ఆ పిల్ల అమ్మమ్మగారిది నాగాయలంక, మేనమామలకి రొయ్యల చెరువులున్నాయి. "రొయ్య ఇట్టాగే గెంతుద్ది అక్కా! చేత్తో పట్టుకుంటే వెనక్కి గెంతుద్ది!" అంది. ఇంక దానికి చెప్పాల్సిన పని లేకపోయింది. హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రొయ్యలా వెనక్కి వెనక్కి పాకింది.

పైన బరువుంటే దాన్ని ఎత్తి పడెయ్యాలని చూడకూడదట. నువ్వే కాస్త వెనక్కి జరిగి, ఇద్దరి మధ్యా జానెడు చోటు చేసుకుని, అందులో మోకాలు పెట్టి, బోర్లా తిరిగి, మోకాళ్ల మీద లేవాలట. సాయంత్రానికి చిన్నది ఆ పట్టులోంచి జారి బయటికి వచ్చింది. అక్క కొంచెం సడలించి ఉంటుందనుకోండి. అయినా లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తినప్పుడు ఆ మొహం చూడాలి. మా అత్తయ్య చప్పట్లు కొట్టలేదు గానీ, పిల్లని దగ్గరికి పిలిచి ఊడిన జడ అల్లారు.

పండగ వెళ్లాక నేను క్లాసుకి వెళ్లాను. లోపల గంటసేపు కూర్చున్నాను. ఆడపిల్లలు ఆడపిల్లలతో సాధన చేసేలా చూడమని సారుని అడిగాను, పెద్ద పిల్లలకి అలాగే చేస్తున్నామన్నారు. మూడు నెలల క్రితమే అడిగి ఉంటే సరిపోయేది. ఆ నెల ఫీజు కట్టేసి వచ్చి, బీరువా అడుగు నుంచి తెల్ల బట్టలు తీసి ఎండలో వేశాను. అత్తయ్యకి చెబితే "నీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో ఆ మాటకి ఉన్న అర్థాలు చాలా. ఒప్పుకున్నారని మాత్రం అనుకోను. ఈసారి ఎవరైనా అడిగితే, చేర్పించింది నేనే అని చెబుతాను.

మీ ఊళ్లో కూడా ఇలాంటి క్లాసు ఉంటే, జూడో కానీ కుస్తీ కానీ, పిల్లని పంపేముందు ఒకరోజు మీరు వెళ్లి కూర్చోండి. ఎన్ని పతకాలు వచ్చాయని అడగొద్దు. కింద ఉన్న పిల్ల తట్టినప్పుడు పైనున్న చేతులు ఎంతసేపటికి తెరుచుకుంటున్నాయో చూడండి. చూస్తున్న సారు ఆ క్షణంలో ఎవరి వైపు ఉన్నారో చూడండి. అది బాగుంటే మిగతాది నెమ్మదిగా వస్తుంది.